ఎర్రపూస దాటితేనే మందు

యాంటీబయాటిక్ మందుల మీద పత్రికల్లో వచ్చే వ్యాసాలకు పాడిందే పాట. జనం వీటిని ఇష్టారాజ్యంగా మింగుతున్నారు, డాక్టరు చీటీ లేకుండా అమ్మనివ్వకూడదు, చట్టాన్ని గట్టిగా అమలు చేయాలి అంటారు. వీటిలో ఏ మాటా అబద్ధం కాదు. అయితే ఇవి డాక్టరు నాలుగు వీధుల అవతలే ఉన్న ఊళ్లో కూర్చుని రాసిన మాటలని సిరొంచలో చదివే మనిషికి వెంటనే తెలిసిపోతుంది. మహారాష్ట్రలోని గడ్చిరోలి జిల్లాకు దక్షిణపు కొసన, ప్రాణహిత వెళ్లి గోదావరిలో కలిసే చోటికి కాస్త ఎగువన ఉన్న తాలూకా మాది. కచేరీ కాగితాలు మరాఠీలో ఉంటాయి, ఇంట్లో మాట తెలుగు, అడవి వైపు పోతే గోండీ, మాడియా వినిపిస్తాయి. జిల్లా ఆసుపత్రికి పోవాలంటే ఆలాపల్లి మీదుగా 200 కిలోమీటర్లు దాటి ప్రయాణించాలి. అందుకే జబ్బు ముదిరితే గోదావరి వంతెన దాటి, కాళేశ్వరం మీదుగా వరంగల్ దారి పడతాం. ముదరక ముందు మాకు అందుబాటులో ఉండేది మెడికల్ షాపు, ఆర్ఎంపీ. ఇలాంటి చోట చీటీ లేకుండా అమ్మకూడదంటే అసలు అమ్మకూడదనే అర్థం వస్తుంది.

మందు అందరికీ అందాలనే వాళ్లు ఒక వైపు, మందును అదుపులో పెట్టాలనే వాళ్లు మరో వైపు నిలబడి వాదించుకోవడం చాలాకాలంగా చూస్తున్నాను. నాకు తెలిసినంతలో ఈ చీలికే తప్పు. ఎప్పుడు ఇవ్వాలో నిజంగా తెలిసిన మనిషికే ఎప్పుడు ఇవ్వకూడదో కూడా తెలుస్తుంది, ఆ మనిషి డాక్టరే కానక్కర లేదు. ఈ సంగతి రుజువైంది మరెక్కడో కాదు, మా జిల్లాలోనే. అక్కడికి వచ్చే ముందు ఈ మందుల కథను ఒకసారి ఈ కోణం నుంచి తిరగేయడం అవసరం.

మా నాయనమ్మకు ఎనిమిది కాన్పులు. నిలిచింది నలుగురు. పోయిన నలుగురిలో ఇద్దరి గురించి ఆమె ఎప్పుడూ ఒకే మాట చెప్పేది: "నిమ్ము కొట్టింది బిడ్డా, డొక్కలు ఎగరేసుకుంటనే పోయిండ్రు." ఆమె తరంలో ఇది విశేషమైన దుఃఖం కాదు, ప్రతి ఇంటి లెక్క. యాంటీబయాటిక్ లేని లోకం ఎలా ఉండేదో తెలుసుకోవడానికి నాకు పుస్తకాలు అక్కర్లేదు.

1928లో లండన్‌లోని సెయింట్ మేరీస్ ఆసుపత్రిలో అలెగ్జాండర్ ఫ్లెమింగ్ ఒక గాజుపళ్లెంలో బూజు పట్టిన చోట చుట్టూ బాక్టీరియా కరిగిపోవడం గమనించిన కథ బడి పిల్లలకు కూడా తెలుసు. ఆ గమనింపు మందుగా మారడానికి పుష్కరకాలం పట్టిందన్న సంగతి అంతగా తెలియదు. ఆక్స్‌ఫర్డ్‌లో హోవర్డ్ ఫ్లోరీ, ఎర్నెస్ట్ చెయిన్, నార్మన్ హీట్లీ 1940 మే నెలలో ఎనిమిది ఎలుకలకు ప్రాణాంతకమైన స్ట్రెప్టోకోకస్ ఎక్కించి, వాటిలో నాలుగింటికి పెనిసిలిన్ ఇచ్చారు. తెల్లవారేసరికి ఆ నాలుగే బతికి ఉన్నాయి. 1941 ఫిబ్రవరిలో ఆల్బర్ట్ అలెగ్జాండర్ అనే పోలీసు కానిస్టేబులుకు ఆ మందు ఇచ్చారు. ముఖమంతా చీము పట్టి, ఒక కన్ను పోగొట్టుకున్న ఆ మనిషి కొద్ది రోజుల్లోనే తేరుకుని అన్నం తినే స్థితికి వచ్చాడు. కానీ మందు చాలలేదు. అతని మూత్రంలోంచి పెనిసిలిన్‌ను తిరిగి వడకట్టి ఎక్కించినా చాలలేదు. మార్చి నెలలో అతను చనిపోయాడు. మూత్రంలోంచి తీసి మళ్లీ వాడుకున్న వస్తువు ఈనాడు మా బజారులో చాక్లెట్ల సీసా పక్కన ఉంటుంది. ఈ రెండు కొసల మధ్య గడిచింది ఒక మనిషి జీవితకాలం మాత్రమే.

అమెరికాలో ఇలినాయ్ రాష్ట్రంలోని పియోరియా ప్రయోగశాలలో మొక్కజొన్న పిండి తయారీలో మిగిలే ద్రవం మీద బూజును పెంచడం, పెద్ద తొట్లలో పులియబెట్టడం నేర్చుకున్నాక కరువు తీరింది. మన దేశంలో ప్రపంచ ఆరోగ్య సంస్థ, యునిసెఫ్ సాయంతో పుణె దగ్గర పింప్రీలో హిందుస్థాన్ యాంటీబయాటిక్స్ కర్మాగారం 1954లో ఏర్పడి, మరుసటి ఏడాది నుంచి పెనిసిలిన్ తీయసాగింది. అంతకు ముందే, 1945 డిసెంబరులో నోబెల్ ఉపన్యాసం ఇస్తూ, ఫ్లెమింగ్ ఒక ఊహాకథ చెప్పాడు. ఒకాయనకు గొంతునొప్పి వస్తుంది. దుకాణంలో పెనిసిలిన్ కొనుక్కుని, క్రిములు చచ్చేంత కాకుండా అవి రాటుదేలడానికి సరిపోయేంత వాడతాడు. ఆ క్రిములు భార్యకు అంటుకుంటాయి. ఆమెకు న్యుమోనియా వస్తుంది, పెనిసిలిన్ పనిచేయదు, ఆమె చనిపోతుంది. మందు సమృద్ధిగా దొరకడం మొదలైన తొలి సంవత్సరాల్లోనే దాన్ని కనిపెట్టిన మనిషి ఇలా చెప్పాడంటే, ఇప్పుడు మనం కొత్త ప్రమాదం ముంచుకొచ్చినట్టు మాట్లాడటం నాకు వింతగా తోస్తుంది.

తెలుగువాళ్లం ఈ కథలో గర్వంగా చెప్పుకునే పేరు ఎల్లాప్రగడ సుబ్బారావు. భీమవరంలో 1895లో పుట్టిన ఆయన అమెరికాలోని లెడర్లే అనే మందుల సంస్థ పరిశోధన విభాగానికి అధిపతిగా ఉన్నప్పుడు, బెంజమిన్ డగ్గర్ అనే వృక్షశాస్త్రజ్ఞుడు మిస్సోరి విశ్వవిద్యాలయపు పొలంలోని మట్టిలో దొరికిన సూక్ష్మజీవి నుంచి ఆరియోమైసిన్‌ను వెలికితీశాడు. 1948లో అది లోకానికి తెలిసింది, అదే ఏడాది ఆగస్టులో సుబ్బారావు కన్నుమూశారు. టెట్రాసైక్లిన్ కుటుంబంలో అది మొట్టమొదటిది. నోటితో మింగితే చాలు, పెనిసిలిన్‌కు లొంగని అనేక రకాల క్రిముల మీద, టైఫస్ జాతి జ్వరాల మీద కూడా పనిచేసింది. ఇక్కడ గర్వంతో పాటు ఒక చిక్కు కూడా ఉంది. పెనిసిలిన్ వాడాలంటే డాక్టరుకు తన ఎదుట ఉన్న రోగం ఏ కోవకు చెందినదో కొంతైనా తెలియాలి, ఎందుకంటే టైఫాయిడ్‌కు, క్షయకు అది పనికిరాదు. ఎన్నో రకాల క్రిములను ఒకే దెబ్బకు కొట్టే మందు చేతికొచ్చాక, రోగం తెలియకపోయినా వైద్యం చేయడం సాధ్యమైంది. ప్రాణాలు నిలిపిన గుణమూ అదే, దురలవాటుకు దారి తీసిన గుణమూ అదే. మా ఆర్ఎంపీల వృత్తి మొత్తం ఈ సౌకర్యం మీదే నిలబడి ఉంది. ఇది సుబ్బారావు తప్పు కాదని వేరే చెప్పనక్కర లేదు.

ఇప్పుడు మెడికల్ షాపు కౌంటరు దగ్గర ఒక్క నిమిషం నిలబడదాం. మిరప తోటల్లో కాయలు ఏరడానికి తెలంగాణ వైపు వెళ్లి వచ్చిన కూలీ మనిషి వస్తుంది. "సర్ది, జరం, ఒళ్లు నొప్పులు. రెండు డోసులియ్యి అన్నా, రేపు పనికి పోవాలె." షాపాయన ఏమీ అడగడు. కత్తెర తీసి నాలుగు పట్టీల్లోంచి రెండేసి గోలీలు కత్తిరిస్తాడు: ఒకటి జ్వరానికి, ఒకటి గ్యాసుకు, ఒకటి సెఫిక్సిమ్ అనే యాంటీబయాటిక్, నాలుగోది తెల్లటి చిన్న గోలీ, చాలాసార్లు స్టెరాయిడ్. అన్నింటినీ చిన్న కాగితపు పొట్లంలో వేసి, పొద్దున ఒక పూట, రాత్రి ఒక పూట అంటాడు. చీటీ లేకుండా వాడకూడదని హెచ్చరించే ఎర్రగీత పట్టీ వెనక ఉంటుంది. కత్తిరించినప్పుడు ఆ గీత ముక్క, మందు పేరు, గడువు తేదీ ఎక్కువసార్లు షాపులో మిగిలిన సగంతోనే ఉండిపోతాయి. మరుసటి రోజుకు ఆమెకు నెమ్మదిస్తుంది. జలుబు ఎలాగూ నెమ్మదిస్తుంది, స్టెరాయిడ్ ఇంకాస్త ముందుగా నెమ్మదింపజేస్తుంది, పేరు మాత్రం "పవర్ గోలీ"కి, అంటే ఆ యాంటీబయాటిక్‌కు వస్తుంది. ఆ మనిషిని మూర్ఖురాలని అనడానికి నాకు నోరు రాదు. ఒక రోజు కూలీ పోవడం, డాక్టరు కోసం ఇంకో రోజు పోవడం, దారి ఖర్చులు, ఇవన్నీ లెక్కేసుకునే ఆమె ఆ కౌంటరు ముందు నిలబడింది. షాపాయన కూడా దుర్మార్గుడు కాదు. ఇవ్వకపోతే పక్క షాపుకు పోతుందని అతనికి తెలుసు.

"నాకు ఆ గోలీ పనిచేస్తలేదు, ఒళ్లు అలవాటు పడ్డది, పెద్దదియ్యి" అనే మాట కూడా అక్కడే తరచూ వింటాం. ఈ అపోహను సవరించే తీరిక ఎవరికీ లేదు. అలవాటు పడేది మన ఒళ్లు కాదు. కడుపులో, గొంతులో, చర్మం మీద కోట్ల కొద్దీ బాక్టీరియా ఉంటాయి. మందు పడినప్పుడు లొంగేవి చస్తాయి, లొంగనివి మిగిలి, ఖాళీ అయిన చోటంతా ఆక్రమిస్తాయి. అంతటితో ఆగకుండా, తట్టుకునే నేర్పును మోసే జన్యువులను పక్కనున్న వేరే జాతి క్రిములకు కూడా అందజేస్తాయి. అందుకే మింగిన మనిషికి ఏ హానీ కనిపించకపోయినా, ఆమె ఇంట్లో పసిబిడ్డకు రేపు జబ్బు చేస్తే ఆ మందు పనిచేయకపోవచ్చు. అత్యంత బలమైన మందులైన కార్బాపెనెమ్‌లను కూడా విరిచేసే ఎన్‌డీఎమ్-1 అనే ఎంజైమును 2008లో ఢిల్లీలో చికిత్స పొంది స్వీడన్ వెళ్లిన రోగి నుంచి తీసిన క్రిమిలో గుర్తించారు. ప్రపంచం మొత్తం మీద 2019లో సుమారు 12.7 లక్షల మరణాలకు మందులకు లొంగని బాక్టీరియా నేరుగా కారణమని 2022లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చిన అంచనా. ఇవి పెద్ద ఆసుపత్రుల్లోని సంగతులని కొట్టిపారేయలేం. వరంగల్‌లో ఐసీయూ మంచం మీద పడుకునే రోగి మా ఊరి నుంచి వెళ్లినవాడే.

చీటీలూ చట్టాలూ కాకుండా వేరే దారి ఉందని మొదట చూపించింది క్షయరోగం. స్ట్రెప్టోమైసిన్‌ను 1943లో అమెరికాలో రట్గర్స్‌లో ఆల్బర్ట్ షాట్జ్, సెల్మన్ వాక్స్‌మన్ బృందం కనిపెట్టింది. బ్రిటన్‌లో జరిపిన పరీక్ష ఫలితాలు 1948లో వచ్చాయి. ఆరు నెలల్లో ఆ మందు ఇచ్చిన 55 మందిలో నలుగురు, మందు లేకుండా మంచం మీద విశ్రాంతి మాత్రమే ఇచ్చిన 52 మందిలో 14 మంది చనిపోయారు. చూడ్డానికి గొప్ప విజయం. కానీ మందు తీసుకున్న వాళ్లలో చాలామంది క్రిములు కొద్ది నెలల్లోనే దానికి లొంగడం మానేశాయి, ఏళ్లు గడిచేకొద్దీ ఆ తేడా చాలామటుకు కరిగిపోయింది. ఒకే మందు కాక రెండు మూడు కలిపి ఇవ్వాలని అప్పుడు తేలింది. అయితే అన్ని నెలల పాటు అన్ని మందులు ఎక్కడ ఇవ్వాలి? శానిటోరియంలోనే, అంటే క్షయ రోగులను ఉంచే ప్రత్యేక ఆసుపత్రిలోనే అన్నారు. మద్రాసులో 1956లో స్థాపించిన క్షయ చికిత్సా కేంద్రం, ఇరుకిళ్లలో ఉండే పేద రోగులకు ఇంటి దగ్గరే మందులిచ్చి, క్రమం తప్పకుండా చూసుకుని, శానిటోరియంలో చేరినవాళ్లతో పోల్చింది. ఫలితాల్లో పెద్ద తేడా లేదని, ఇంట్లో వాళ్లకు అంటుకునే ప్రమాదం పెరగలేదని 1959లో ప్రకటించింది. మందు పేదవాడి ఇంటికి రావడం, అదుపులో ఉండటం రెండూ ఒకేసారి జరిగాయి. మధ్యలో ఒక మనిషి క్రమం తప్పకుండా తలుపు తట్టడమే దానికి మూలం.

ఇక మా జిల్లా. అభయ్ బంగ్, రాణి బంగ్ దంపతులు 1986లో గడ్చిరోలిలో సెర్చ్ అనే సంస్థను నెలకొల్పి, పల్లెల్లో పిల్లలు ఎందుకు చనిపోతున్నారో లెక్క తీశారు. అన్నిటికన్నా ముందు వరసలో ఉన్నది నిమ్ము, అంటే న్యుమోనియా. మందు ఖరీదైనదేమీ కాదు, కో-ట్రైమాక్సజోల్ అనే యాంటీబయాటిక్. సమస్యల్లా ఏ దగ్గు మామూలు దగ్గో, ఏ దగ్గు ప్రాణం తీసేదో ఊళ్లోనే చెప్పగలిగే మనిషి లేకపోవడం. అసలు గుర్తు ఊపిరి వేగంలో ఉంది. రెండు నెలల లోపు బిడ్డ నిమిషానికి 60 సార్లు, ఆపై ఏడాది లోపు బిడ్డ 50 సార్లు, అయిదేళ్ల లోపు బిడ్డ 40 సార్లు లేదా అంతకు మించి ఊపిరి తీస్తుంటే అనుమానించాలి. అంత లెక్క రాని మంత్రసానుల కోసం ఒక చిన్న పరికరం తయారు చేశారు. అందులో ఒక నిమిషంలో జారిపోయే ఇసుక గడియారం, పక్కన వరసగా పూసలు ఉంటాయి. బిడ్డ పొట్ట పది సార్లు లేచి పడగానే ఒక పూస జరపాలి. ఇసుక అయిపోయేలోపు చివరి ఎర్రపూస జరపాల్సి వస్తే అది నిమ్ము, మందు ఇవ్వాలి. ఎర్రపూస దాకా రాకపోతే మామూలు దగ్గు, ఈ మందు అక్కర లేదు.

ఫలితాలు 1990లో లాన్సెట్‌లో అచ్చయ్యాయి. ఈ పద్ధతి పెట్టిన ఊళ్లలో మంత్రసానులు, గ్రామ ఆరోగ్య కార్యకర్తలు, ఇతర సిబ్బంది చూసిన న్యుమోనియా కేసుల్లో మరణాలు 0.8 శాతం ఉంటే, పోలిక కోసం ఎంచుకున్న ఊళ్లలో 13.5 శాతం ఉన్నాయి. ఆ తర్వాత పురిటిబిడ్డల మీదికి మళ్లారు. 39 ఊళ్లలో గ్రామ మహిళలకు శిక్షణ ఇచ్చి, ఇంటింటికీ తిరిగి బిడ్డను తూచడం, వెచ్చగా ఉంచడం, రక్తంలో విషం పాకే సెప్సిస్‌ను గుర్తుపట్టడం నేర్పారు. అవసరమైతే జెంటామైసిన్ సూది కూడా వాళ్లే ఇచ్చారు. ప్రతి వెయ్యి మంది శిశువులకు 62గా ఉన్న నవజాత మరణాల రేటు 25.5కు దిగిందని 1999లో ప్రకటించారు. కొద్దిపాటి చదువున్న ఆడమనిషి చేతికి సూది ఇవ్వడమేమిటని వైద్యలోకంలో సందేహించినవాళ్లకు కొదవ లేదు. ఆ సందేహం పట్నంలో నాలుగు డిగ్రీలున్న డాక్టరు మామూలు జలుబుకు అజిత్రోమైసిన్ రాసిన చీటీ మీద ఎందుకు కలగదో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

ఆ పరికరంలో నాకు నచ్చినది ప్రాణం కాపాడటం ఒక్కటే కాదు. ఎక్కువసార్లు అది "వద్దు" అని చెప్పింది. దగ్గే బిడ్డల్లో అత్యధికులకు ఎర్రపూస జరగదు. తల్లి ఎదుటే లెక్క జరుగుతుంది కనుక, మందు ఇవ్వకపోవడం పిసినారితనంగానో నిర్లక్ష్యంగానో ఆమెకు తోచదు. మా వదిన అంకీసా దగ్గరి ఊళ్లో ఆశా కార్యకర్త, అందరూ ఆశాతాయి అంటారు. ఆమె దగ్గర పూసలు లేవు, ఫోనులో నిమిషం పెట్టుకుంటుంది. "అక్కా, బిడ్డకు దగ్గుమందియ్యవా" అని అడిగిన తల్లి ఒళ్లోనే బిడ్డను ఉంచి, చొక్కా పైకెత్తి, పాలు తాగడం అయ్యేదాకా, ఏడుపు ఆగేదాకా కూర్చుని, పొట్ట కదలికను పెదాలు ఆడిస్తూ లెక్కపెట్టడం చూశాను. ముప్పై ఎనిమిది. "మందు అక్కర లేదు, పాలు మాన్పకు. డొక్కలు లోపలికి పీకినా, పాలు పట్టకపోయినా రాత్రయినా సరే పిలువు" అంది. ఆ తల్లి ఆ రోజు మెడికల్ షాపుకు పోలేదు.

ప్రభుత్వం 2011లో ఇంటి దగ్గరే నవజాత సంరక్షణ అనే పద్ధతిని ఆశాల ద్వారా దేశమంతటా అమలు చేసింది, 2019లో న్యుమోనియా మీద సాన్స్ పేరుతో కార్యక్రమం పెట్టింది. అయినా గడ్చిరోలి పాఠంలో సగమే తీసుకున్నారు. ఆశా చేతికి అమాక్సిసిలిన్ మొదటి డోసు ఇచ్చి, తర్వాత ఆసుపత్రికి పంపమన్నారు. ఆసుపత్రి ఐదు కిలోమీటర్లలో ఉన్న చోట అది చక్కటి నియమం. వానాకాలంలో వాగు పొంగి దారి తెగే ఊళ్లో మొదటి డోసు తర్వాత రెండో డోసు మళ్లీ మెడికల్ షాపే. ఈ చికిత్సకు మూడు నుంచి ఐదు రోజులు చాలునని పరిశోధనలు తేల్చాక, ఆ కొద్ది గోలీలను కూడా ఆమె సంచిలో ఉంచడానికి ఇంత సంకోచమెందుకు? అలా ఇస్తే క్రిములు మొండివవుతాయనే వాదనలో నిజం లేకపోలేదు, కో-ట్రైమాక్సజోల్‌కు అలాగే పదును తగ్గి, దాని స్థానంలోకి అమాక్సిసిలిన్ వచ్చింది. కానీ లెక్కపెట్టి ఇచ్చే గోలీలకూ, లెక్కాపత్రం లేకుండా కత్తెర కింద పడే గోలీలకూ మధ్య పరిమాణంలో పోలికే లేదు.

షెడ్యూల్ హెచ్1 అనే నిబంధన 2014 మార్చి నుంచి అమల్లో ఉంది. సెఫిక్సిమ్ లాంటివి చీటీ మీదే అమ్మాలి, కొన్నవాళ్ల పేరు, రాసిన డాక్టరు పేరు రిజిస్టరులో ఎక్కించి మూడేళ్లు భద్రపరచాలి. రిజిస్టరులో పేర్లు రాసుకోవడం ఎంత సులువో షాపు నడిపేవాళ్లకు తెలుసు. పైగా వాడకందారు మీదే మొత్తం నేరం మోపే ఈ ధోరణి పైవాళ్లను చూడదు. హైదరాబాదు దగ్గరి పటాన్‌చెరులో మందుల కంపెనీల మురుగునీటిని శుద్ధి చేసే కేంద్రం నుంచి బయటికి వచ్చే నీటిలో లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ ఉందని 2007లో స్వీడన్ పరిశోధకులు ప్రకటించారు. మందు మింగిన మనిషి రక్తంలో ఉండే మోతాదు కన్నా అది ఎక్కువ. రెండు గోలీలు కొనుక్కున్న కూలీ మనిషికి నీతులు చెప్పేవాళ్లు ఈ లీటర్ల లెక్క కూడా పక్కన పెట్టుకుని చెబితే బాగుంటుంది.

నా వాదన తడబడే చోటు ఒకటుంది, పెద్దవాళ్ల జ్వరం. గడ్చిరోలి మహారాష్ట్రలో మలేరియాకు పేరుబడ్డ జిల్లా కనుక, ఆశాల దగ్గర వేలి రక్తంతో పరీక్షించే కిట్ ఉంటుంది. మలేరియా అని గీత పడితేనే మలేరియా మందు. ఇదీ ఎర్రపూస లాంటిదే, బాగానే నడుస్తోంది. గీత పడకపోతే? అనేక దేశాల సమాచారాన్ని కలిపి 2017లో వెలువరించిన ఒక విశ్లేషణలో, మలేరియా పరీక్షలు వచ్చిన చోట మలేరియా మందుల వాడకం తగ్గింది గానీ, మలేరియా లేదని తేలినవాళ్లకు యాంటీబయాటిక్ రాయడం పెరిగిందని తేలింది. మా దగ్గర జరిగేదీ అదే. మలేరియా కాదనగానే ఆర్ఎంపీ సెలైన్ సీసా వేలాడదీసి, అందులో సెఫ్ట్రియాక్సోన్ అనే యాంటీబయాటిక్ కలుపుతాడు. ఆ జ్వరం వైరస్‌దైతే మందు వృథా. కంటికి ఆనని చిన్న పురుగులు కుట్టడం వల్ల వచ్చే స్క్రబ్ టైఫస్ అనే జ్వరమైతే సెఫ్ట్రియాక్సోన్ దాని మీద పనిచేయదు. మా విదర్భలో 2018లో అది మనుషుల్ని పొట్టన పెట్టుకుంది. దానికి కావలసింది సుబ్బారావు కాలం నాటి టెట్రాసైక్లిన్ కుటుంబానికే చెందిన చవకైన డాక్సీసైక్లిన్. మలేరియా, వైరస్ జ్వరం, స్క్రబ్ టైఫస్, ఈ మూడింటినీ వేరు చేసి చూపే పరీక్ష ఇంకా ఆశా సంచిలోకి రాలేదు. బాక్టీరియా జబ్బు అయ్యుండొచ్చా లేదా అని రక్తంలోని ఒక ప్రోటీన్‌ను బట్టి సూచించే సీఆర్‌పీ పరీక్షతో వియత్నాంలో యాంటీబయాటిక్ వాడకం కొంత తగ్గించగలిగారు, కానీ అది స్క్రబ్ టైఫస్‌ను పేరు పెట్టి చూపించలేదు. ప్రస్తుతానికి మా వదిన చేయగలిగేది మలేరియా లేదని తేలినవాళ్ల ఇంటికి మర్నాడు మళ్లీ వెళ్లి చూడటమే. వాళ్లలో కొందరు ఆ సరికే సెలైన్ ఎక్కించుకుని ఉంటారు.